పెరిగే పిల్లకు బ్యాటు

ఆ వీధిలో టైలరుకి మంచి పేరుంది. కుట్టుకి కాదు, మడతకి. బడిపిల్లల యూనిఫాం ఏది కుట్టినా లోపల నాలుగు వేళ్ల మడత వదలకుండా కుట్టేవాడు కాదు. నడుము దగ్గర ఇంత, చేతుల దగ్గర ఇంత, అంచున ఇంత. "పెరిగే పిల్లలమ్మా. ఎక్కువైతే లోపలికి మడుస్తాం, తక్కువైతే ఎక్కణ్ణించి తెస్తాం?" అనేవాడు. ఆ మాట వినగానే తల్లులు కరిగిపోయేవాళ్లు. పిల్లలు మాత్రం రెండేళ్లపాటు గుడారాల్లో తిరిగేవాళ్లు. సరిగ్గా ఒంటికి సరిపోయే వేళకి ఆ బట్టలు చిరిగిపోయేవి.

ఊరి పిల్లలకే అంత వదిలేవాడు సొంత కూతురికి ఎంత వదలాలి? దాని బూట్ల ముందు భాగంలో దూది కుక్కి ఉండేది. దాని వానకోటు వెనకాల వీధి ఊడ్చుకుంటూ వచ్చేది. సైకిలు మీద సీటు అందక నిలబడే తొక్కేది. పిల్లకి పదకొండేళ్లు, ఒంటిమీది బట్టలకి పదమూడు. పొట్టిగా, గుండ్రంగా, ఎక్కడా ఓ నిమిషం నిలవకుండా దొర్లుతూ ఉంటుందని ఇంట్లో దాన్ని బుడంకాయ అని పిలిచేవాళ్లు. పేరు చిన్నదానికి పెట్టుకుని, బట్టలు మాత్రం పెద్దదానికి కుట్టారు. ఈ తేడా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, చోద్యం!

ఆ బుడంకాయకి గుండ్రటి బ్యాటుతో ఆడే సాఫ్ట్‌బాల్ పిచ్చి పట్టింది. బళ్లో డ్రిల్ టీచరమ్మ పోయిన ఏడాది కొత్తగా జట్టు కట్టింది. అప్పుడు దీనికి అందులో దక్కిన పని మంచినీళ్ల సీసాలు మోయడం. ఏడాదంతా మోసింది. మోస్తూనే ఆట చూసింది, ఎవరూ లేనప్పుడు ఒక స్నేహితురాలి బ్యాటు అడిగి పుచ్చుకుని గోడ వెనక కొట్టి చూసింది. ఈసారి జట్టులో ఒకే ఒక్క చోటు ఖాళీ ఉంది. శనివారం పొద్దున ఎంపిక. బళ్లో ఉన్న బ్యాట్లు పెద్దపిల్లలు పోటీలకి పట్టుకుపోయారు గనక ఎవరి బ్యాటు వాళ్లే తెచ్చుకోమంది టీచరమ్మ.

"నాన్నా, నాకు బ్యాటు కావాలి. చిన్నది. తేలికది. అంతే," అంది బుడంకాయ, మిషను పక్కన నిలబడి.

మూడు మాటలు. పెద్దవాళ్లకి అర్థం కావడానికి ఇంతకన్నా తేలికైన మాటలు ఏ భాషలోనూ లేవు. టైలరు నోట్లో సూది పెట్టుకుని తలూపాడు. అతను విన్నది మాత్రం 'బ్యాటు' అన్న ముక్క ఒక్కటే.

"ఆటల సంగతి మనకేం తెలుసు, మీ మామయ్యని పిలుద్దాం," అన్నాడు.

పెళ్లికెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమంటే ఇదే. బుడంకాయ మేనమామ డ్రైవింగు స్కూలు నడుపుతాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్క సీట్లో కూచుని ఇంకొకళ్ల కాళ్ల కిందున్న బ్రేకు తను తొక్కడం అతని ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికొచ్చినా పోలేదు. వంటింట్లో అక్క పోపు వేస్తుంటే పక్కన నిలబడి "ఇప్పుడు, ఇప్పుడు తగ్గించు మంట" అంటాడు. క్రికెట్టు అయితే టీవీలో ఒక్క బంతి వదలకుండా చూశాడు కాబట్టి, ప్రపంచంలో కర్రతో బంతిని కొట్టే ఆటలన్నిటి మీదా తనకి హక్కు ఉందనుకుంటాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని, వినడానికి ఆ ఇంట్లో బావ ఎప్పుడూ సిద్ధంగా ఉండేవాడు.

సరే, నలుగురూ కలిసి ఆటసామాన్ల కొట్టుకి వెళ్లారు. టైలరు, భార్య, బామ్మర్ది, వాళ్ల వెనకాల ఎక్కడో బుడంకాయ.

కొట్లో అల్యూమినియం బ్యాట్లు గోడకి ఆనించి వరసగా నిలబెట్టి ఉన్నాయి. కొట్టు యజమాని వీళ్లని చూడగానే ఎవరు కొనేవాళ్లో, ఎవరు మాట్లాడేవాళ్లో ఇట్టే పసిగట్టాడు. మాట్లాడేవాడి చేతిలోనే బ్యాటు పెట్టాడు.

"సార్ పట్టుకునే తీరులోనే తెలుస్తోంది, మీరు ఆడినవాళ్లు," అన్నాడు.

అంతే. మేనమామ ఛాతీ రెండంగుళాలు పొంగింది. బ్యాటు గాల్లోకి లేపి, కళ్లు చికిలించి, లేని బంతిని లేని ఆకాశంలోకి కొట్టాడు. పైన తిరుగుతున్న ఫ్యానుకి జానెడు దూరంలో ఆగింది బ్యాటు.

"ఇది తేలిక. బొత్తిగా తేలిక. బంతి తగిలితే బ్యాటే వెనక్కి పోతుంది. బరువుండాలి బావా! బరువున్న బ్యాటు తనే కొట్టేస్తుంది, మనం ఊరికే పట్టుకుంటే చాలు."

"అది క్రికెట్టు కదా మామయ్యా, ఇది..." అంది కింది నుంచి ఒక గొంతు.

"నువ్వుండమ్మా, పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు."

ఇంకో బ్యాటు తీశారు. ఇంకోటి తీశారు. మేనమామ అన్నిటినీ ఊపాడు. తరవాత టైలరు ఊపాడు. జీవితంలో కత్తెర కన్నా బరువైనది ఊపని మనిషి, భుజం పట్టేసినా పైకి కనపడనివ్వలేదు. ఆఖరికి కొట్టు యజమాని కూడా ఊపి చూపించాడు. భార్య ఊపలేదు గానీ వేలితో తట్టి చూసింది, కుండ కొనేటప్పుడు తట్టినట్టు.

"గట్టిగా ఉండాలండీ. దీని తరవాత మా చెల్లెలి కూతురు కూడా ఆడుకోవాలి. రాత్రిపూట తలుపు వెనకాల అడ్డం పెట్టుకోవడానికి కూడా పనికొస్తుంది," అంది ఆవిడ. ఆ లెక్కన ఆ బ్యాటు ఆట తప్ప అన్ని పనులకీ పనికి రావాలి.

ఈ గోలలో బుడంకాయ మూలన ఒక నీలం బ్యాటు చూసింది. పొట్టిది. చేత్తో తీసింది, రెండు పిడికిళ్లూ ఒకదాని మీద ఒకటి ఆనించి పట్టుకుంది, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి ఒక్కసారి ఊపింది. సుయ్‌మంది గాలి. దాని మొహం వెలిగిపోయింది.

"అద్దాల బీరువా! జాగ్రత్త!" అని కొట్టు యజమానితో సహా నలుగురూ ఒకేసారి అరిచారు. మేనమామ బ్యాటు ఫ్యానుకి తగలబోయినప్పుడు ఒక్కడూ అరవలేదు మరి.

కొట్టు యజమాని ఆ నీలం బ్యాటు దాని చేతిలోంచి తీసేసి, "అది చిన్నపిల్లలదమ్మా," అన్నాడు.

చిన్నపిల్ల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

ఇక కొలత దగ్గరికి వచ్చేసరికి టైలరుకి తన రాజ్యం తనకి దొరికింది. మెళ్లో టేపు ఎప్పుడూ ఉండనే ఉంటుంది. కూతుర్ని గోడకి ఆనించి నిలబెట్టి, నేల నుంచి నడుముదాకా కొలిచాడు. చేతుల పొడుగు కొలిచాడు. కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. దానికి రెండేళ్ల పెరుగుదల కలిపాడు. ఆ పైన, తండ్రి ప్రేమ కొద్దీ, ఇంకో పిసరు కలిపాడు. అప్పుడు గోడ చివర నిలబడి ఉన్న ఒక ఎర్ర బ్యాటు మీద టేపు పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. రాబోయే అమ్మాయికి.

"ఇదీ!" అన్నాడు.

"ఇదీ!" అన్నాడు మేనమామ, దాన్ని ఊపి. అతని చేతిలో అది అమోఘంగా ఉంది. కొట్టు యజమానికి అది ఎన్నాళ్లుగానో కదలని సరుకు. అందుకే "మీ కన్నే కన్ను సార్" అని ఆ ముగ్గుర్నీ విడివిడిగా మెచ్చుకున్నాడు. తిలా పాపం తలా పిడికెడు.

పట్టుకుని చూడమ్మా అని ఆ పిల్లతో ఒక్కళ్లంటే ఒక్కళ్లు అనలేదు.

ఇంటికొచ్చాక సందులో మొదటిసారి ఊపింది. నిజానికి బ్యాటే బుడంకాయని ఊపింది. బ్యాటు ముందు వెళ్లింది, చేతులు దాని వెనక, పిల్ల ఆ వెనక. బొంగరంలా ఒక చుట్టు తిరిగి గోడ పట్టుకుని ఆగింది.

"అలవాటవుతుంది," అన్నాడు టైలరు.

"బరువు చేతుల్లో ఉండదమ్మా, మనసులో ఉంటుంది," అన్నాడు మేనమామ. మోసేది తను కాదు కాబట్టి ఎన్నయినా అంటాడు.

పిల్ల మొండిది. ఏడవలేదు. పిడికిళ్లు పైకి జరిపి, బ్యాటుకి సగంలో పట్టుకుని సాధన మొదలుపెట్టింది. అలా పట్టుకుంటే కింద మిగిలిన ముక్క, ఊపిన ప్రతిసారీ వచ్చి డొక్కలో పొడుస్తుంది. అయినా మానలేదు. బడి నుంచి రావడం, సందులోకి వెళ్లడం, చీకటి పడేదాకా కొట్టడం.

శుక్రవారం సాయంత్రం తల్లి దానికి గౌను మారుస్తూ కెవ్వుమంది.

"ఏవండీ, ఇలా రండి! దీని డొక్క చూడండి!"

ఎడమవైపు, పక్కటెముకల కింద, అరచేయంత మేర నల్లగా కమిలిపోయి ఉంది.

"ఎలా తగిలిందే ఇది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఇంత నల్లగా ఎందుకుంటుంది?"

"చెబితే ఆట మానెయ్యమంటారు," అంది బుడంకాయ, గౌను కిందికి లాక్కుంటూ.

టైలరు తన చేత్తో ఎన్నో వందల మందిని కొలిచాడు గానీ కొలిచిన చోట నొప్పి పుట్టించలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు సరిగ్గా. కానీ కొన్నది తప్పు అని ఒప్పుకోవాలంటే, కొలిచింది తప్పు అని ఒప్పుకోవాలి. ఆ మాట అతను బట్టలు కుట్టించుకునేవాళ్లతోనే ఏనాడూ అనలేదు. జాకెట్టు బిగుతైతే "మీరు ఒళ్లు చేశారమ్మా" అంటాడు, వదులైతే "చిక్కిపోయారేంటి" అంటాడు. ఇన్నేళ్లలో మనుషుల ఒళ్లు మారాయి తప్ప అతని కొలత మారలేదు. బ్యాటు వెనక్కి ఇచ్చి నీలంది తెద్దామా అంటే, గోడలకి తగిలి ఎర్ర రంగంతా లేచిపోయి ఉంది. ఆ కొట్టువాడు ముట్టుకోడు.

అప్పుడు అతనికి తన విద్య గుర్తొచ్చింది. ఎక్కువైతే ఏం చేస్తాం? కత్తిరిస్తాం. దీనికింత ఆలోచన దేనికి, అని తన నెత్తిన తనే మొట్టుకున్నాడు.

పొద్దున్నే బ్యాటు పట్టుకుని కిటికీ ఊచలు చేసే కొట్టుకి పరిగెత్తాడు. కింద చేత్తో పట్టుకునే వైపు నుంచి జానెడు, సుద్దముక్కతో గీత గీసి ఇచ్చాడు, పాంటుకి గీసినట్టే. రంపం పెట్టి కోసి ఇచ్చారు. కోసిన అంచు చేతికి గీసుకోకుండా సూటు గుడ్డ ముక్క చుట్టి, దగ్గర దగ్గరగా కుట్లు వేశాడు. అబద్ధం ఎందుకు, కుట్టు అద్భుతంగా కుదిరింది. పెళ్లికొడుకు కోటు చెయ్యిలా ఉంది ఆ పిడి.

"ఇప్పుడు చూడు," అన్నాడు కూతురితో.

బుడంకాయ పట్టుకుని చూసింది. పొడుగు తగ్గింది, నిజమే. బరువంతా మాత్రం పై కొసలో అలాగే ఉంది. "ముందుకి లాగేస్తోంది నాన్నా," అంది.

"టైము లేదు, పద పద," అన్నాడు.

తల్లి షాపు చూసుకోవడానికి ఉండిపోయింది. ముగ్గురూ బడి మైదానానికి వెళ్లారు. అక్కడ ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. డ్రిల్ టీచరమ్మ ఎండకి టోపీ పెట్టుకుని ఒక్కొక్కళ్ల బ్యాటూ తీసుకుని, తిప్పి చూసి, తిరిగి ఇస్తోంది. పెద్ద క్లాసు అమ్మాయి ఒకతి చెయ్యి కింది నుంచి తిప్పి బంతులు వేస్తోంది. పిలిచినప్పుడు వెళ్లాలి, వేసిన బంతుల్ని కొట్టాలి, అంతే ఎంపిక. వరసలో ఉన్నవాళ్లలో ఒక్కతే నెగ్గుతుంది. బుడంకాయ పెదవి కొరుక్కుంటూ నిలబడింది. 

టీచరమ్మ దాని బ్యాటు తీసుకుంది. తిప్పి చూసింది. మళ్లీ తిప్పి చూసింది.

"ఇది ఎవరు కోశారు?"

తండ్రుల గుంపులోంచి టైలరు సిగ్గుపడుతూ ముందుకొచ్చాడు. ఎవరన్నా పని మెచ్చుకోబోతుంటే అతని మొహం అలాగే అవుతుంది.

"నేనేనండి. కోయించడమూ, ఆ కుట్టూ... పెద్ద పనేం కాదులెండి, అరగంట పట్టింది."

"బ్యాటు కింద గుండ్రంగా బుడిపె ఉంటుంది కదండీ. అది దేనికనుకున్నారు, అందానికా? చెయ్యి జారకుండా ఆపేది అదే. అది లేకపోతే ఊపినప్పుడు బ్యాటు ఎగిరి ఎవరి మొహం మీదికో పోతుంది. దీంతో నేను ఎవర్నీ ఆడనివ్వను," అంది టీచరమ్మ. బ్యాటు అతని చేతిలో పెట్టేసి మైదానంలోకి వెళ్లిపోయింది.

టైలరుకి చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి చూస్తే బామ్మర్ది మొహం కనిపించింది. మనిషికి సిగ్గు వేసినప్పుడు పక్కన బామ్మర్ది ఉంటే అంత సుఖం ఇంకోటి లేదు.

"అంతా నీ మూలానే వచ్చింది! బరువుండాలి, బరువుండాలి అని కొనిపించింది నువ్వు!"

"నేను కొనిపించానా? టేపు పెట్టింది ఎవరు? అయినా కొన్నది బంగారం లాంటి బ్యాటు బావా! దాని పీక కోసింది నువ్వు!"

"ఫ్యాను విరగ్గొట్టబోయినవాడివి, నువ్వా నాకు చెప్పేది?"

"నలుగుర్లో పరువు తీశావు! కుట్లు వేశాడట కుట్లు! గుండీలు కూడా పెట్టకపోయావా?"

ఇద్దరూ మైదానానికి వీపు తిప్పి, గోడ వైపు జరిగి, ఆ మొండి బ్యాటుని చెరోవైపూ పట్టుకుని లాక్కుంటూ, గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నాం అనుకుంటూ, అందరికీ వినపడేలా పోట్లాడుకున్నారు. వెనక నుంచి ఎవరో ఏదో పేరు పిలిచారు. ఇళ్లలో ఎవరూ పిలవని బడి పేరు. ఇద్దరికీ చెవికి ఎక్కలేదు.

ఠంగ్‌మని మోగింది.

అలాంటి చప్పుడు మళ్లీ మళ్లీ రాదు. బంతి సరిగ్గా ఎక్కడ తగలాలో అక్కడ తగిలితేనే వస్తుంది. వెంటనే పిల్లలంతా హోయ్‌మని కేక పెట్టారు.

"విన్నావా?" అన్నాడు మేనమామ, తల తిప్పకుండానే. "అదీ దెబ్బంటే! అలాంటి బ్యాటు చూసి కొనాలి."

"ఎవరి పిల్లో," అన్నాడు టైలరు. నిజంగా మనసు చివుక్కుమంది అతనికి. "ఆ తండ్రి ఎవరో గానీ తెలిసినవాడు. పిల్లకి కావలసింది చూసి కొన్నాడు. మనలాంటి వాడు కాదు."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినవాడు కూడా ఏదో ఒక క్షణంలో చంక వైపు చూసి ఉంటాడు. వీళ్లు అదీ చెయ్యలేదు. మళ్లీ బ్యాటు లాక్కోవడం మొదలుపెట్టారు.

కాసేపటికి చొక్కా పట్టుకుని ఎవరో లాగారు. బుడంకాయ. మొహమంతా మట్టి, చెమట.

"పద నాన్నా, అయిపోయింది."

"ఉండమ్మా, నేను టీచరమ్మతో మాట్లాడతాను. ఇంకో బ్యాటు తెస్తాను, సాయంత్రం దాకా ఆగమంటాను..."

"అయిపోయింది నాన్నా. నా పక్కనున్న అమ్మాయి తన బ్యాటు ఇచ్చింది. నన్ను తీసుకున్నారు."

టైలరు బ్యాటు వదిలేశాడు. 

"ఆ ఠంగు..." అన్నాడు మేనమామ.

"నాదే," అంది.

  ఇంటికి రాగానే, గుమ్మంలో చెప్పులు విప్పకముందే మేనమామ మొదలుపెట్టాడు.

"అక్కా! నీ కూతురు కొట్టిన దెబ్బ చూడాలి! బంతి ఇలా వచ్చింది, ఇది ఎడమకాలు ఇలా వేసింది, నేను చెప్పినట్టే మణికట్టు తిప్పింది. ఎడమవైపు గోడ మీదుగా వెళ్లిపోయింది బంతి! బావ కూడా చూశాడు, కావాలంటే అడుగు!"

తల్లి గరిటె పట్టుకునే ఉంది. కళ్లు తుడుచుకుంటూ మొగుడి వైపు తిరిగింది. "నిజంగానా? మీరు చెప్పండి. మీరు చెబితే వినాలనుంది. ఎటు పోయింది బంతి?"

"రేపు రండమ్మా, రెడీగా ఉంటుంది" అని రోజుకి ఇరవైమందికి అబద్ధం చెప్పే నోరు అది. ఊఁ అంటే సరిపోయేది.

"నేను చూళ్లేదు," అన్నాడు టైలరు. "వీపు తిప్పుకుని మీ తమ్ముడితో పోట్లాడుతున్నాను. చప్పుడు విన్నాను. ఎవరి పిల్లో అనుకున్నాను."

మేనమామ చల్లగా పెరట్లోకి జారుకున్నాడు. 

బుడంకాయ అప్పటికే కంచం ముందేసుకుని తింటోంది. తలెత్తలేదు.

"నాకు తెలుసు నాన్నా. కొట్టగానే మొదట నీవైపే చూశాను."

టైలరు అక్కడే గోడకి ఆనుకుని కింద కూచున్నాడు. మెళ్లో టేపు తీసి పక్కన పెట్టాడు. పిల్లే మళ్లీ అంది.

"వచ్చే ఆదివారం మ్యాచ్ ఉంది. రావాలనుంటే రా. ఏమీ తేవద్దు. ఎవర్నీ తేవద్దు. వచ్చి ఊరికే కూచుని చూడు."

"సరేనమ్మా," అన్నాడు.